శంషాబాద్ నుంచి అల్వాల్: రైలా, ట్యాక్సీనా? (నాన్న రైలే అంటున్నారు)

వాసు_గాజువాక
ఆదివారం, ఉదయం 10:05

అందరికీ నమస్కారం. మా చెల్లెలు అల్వాల్‌లో ఇల్లు కొనుక్కుంది, వచ్చే వారం గృహప్రవేశం. అమ్మానాన్న గురువారం వైజాగ్ నుంచి విమానంలో వస్తున్నారు. నేను ముంబైలో ఉంటాను, శనివారం గానీ రాలేను. చెల్లి, బావ ఇంటి పనుల్లో తలమునకలుగా ఉన్నారు, శంషాబాద్ దాకా వచ్చి తీసుకెళ్లడం కుదరదంటున్నారు.

మా నాన్న రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ముహూర్తాల రోజులు కదా, పాసు ఉన్నా బెర్తు దొరకలేదు, ఏ బండి చూసినా వెయిటింగ్ లిస్టే. చివరికి నేనే విమానం టికెట్లు తీసి పంపాను. దానికే సగం అలిగారు. ఇప్పుడు "దిగాకైనా నన్ను రైలెక్కనివ్వరా" అంటున్నారు. ఉందానగర్‌లో ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) ఎక్కి సికింద్రాబాద్, అక్కడ బండి మారి అల్వాల్ స్టేషన్ అని కాగితం మీద గీసి వాట్సాప్‌లో పంపారు కూడా.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. సామాను రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక చేతిసంచి. విమానం సాయంత్రం ఐదున్నరకి దిగుతుంది. హైదరాబాద్ నాకు పెద్దగా తెలియదు. ఏది మంచిదో చెప్పండి.

లోతుకుంట_వాసి
ఆదివారం, ఉదయం 10:31

వాసు గారూ, మేముండేది అల్వాల్ పక్కనే. ఇందులో ఆలోచించడానికి ఏముందండీ, క్యాబ్ పెట్టేయండి. ఐదున్నరకి దిగితే బ్యాగులు తీసుకుని బయటికొచ్చేసరికి ఆరు దాటుతుంది. ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ వచ్చినా ఎనిమిదికి ఇంటి ముందు దిగుతారు. మీ నాన్నగారి ప్లాన్ ప్రకారం అయితే ఆ టైంకి ఇంకా ఏదో ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంటారు. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ప్రయోగాలు వద్దు.

ఎంఎంటీఎస్_ప్రేమి
ఆదివారం, ఉదయం 11:10

అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. పెద్దాయన గీసిన దారిలో తప్పేమీ లేదు.

ఉందానగర్ స్టేషన్ మహబూబ్‌నగర్ లైను మీద శంషాబాద్ దగ్గరే ఉంది. 2003లో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు ఆ వైపు ఫలక్‌నుమాతో ఆగిపోయేది. రెండో దశలో లైను డబ్లింగ్ చేసి ఉందానగర్ దాకా పొడిగించారు. ఉందానగర్‌లో ఎక్కితే బుద్వేల్, శివరాంపల్లి, ఫలక్‌నుమా, యాకుత్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్. సిటీ మొత్తం కింద నుంచి పైకి దాటేస్తుంది. దారిలో ఒక్క సిగ్నల్ లేదు (గార్డుగారు కోప్పడతారేమో, ట్రాఫిక్ సిగ్నల్ అని నా ఉద్దేశం). సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ లైనులో కూడా 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ నడుస్తోంది. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ మీదుగా అల్వాల్. కాబట్టి బయల్దేరే చోటికి దగ్గర్లో ఒక స్టేషన్, చేరే చోట ఒక స్టేషన్ నిజంగానే ఉన్నాయి. ఇద్దరికీ కలిపి టికెట్ ఖర్చు వంద నోటు కూడా విప్పనక్కర్లేదు.

ఇక ఇబ్బందులు. ఒకటి, ఎయిర్‌పోర్టు నుంచి ఉందానగర్‌కి ఆరు కిలోమీటర్ల దాకా ఉంటుంది, అది రోడ్డు మీదే వెళ్లాలి. రెండు, బళ్లు తక్కువ. ఫలక్‌నుమా దాకా వచ్చేవన్నీ ఉందానగర్ రావు. ఒకటి తప్పిపోతే తర్వాతదాని కోసం చాలాసేపు కూర్చోవాలి. మేడ్చల్ వైపు కూడా అదే తంతు. రెండు చోట్లా టైం కలవాలి. వైజాగ్ విమానం పావుగంట ఆలస్యమైతే మీ నాన్నగారి టైంటేబుల్ మొత్తం తలకిందులు.

నేను ఒక్కడినే, వీపు మీద ఒక బ్యాగుతో వస్తే మాత్రం ఉందానగరే ఎక్కుతాను. ముందే చెప్తున్నా, నా మాట పక్షపాతం.

యాదన్న_డ్రైవర్
ఆదివారం, మధ్యాహ్నం 1:45

ఆ ఆరు కిలోమీటర్ల సంగతి నేను చెప్తాను తమ్ముడూ. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఎయిర్‌పోర్టులో బుకింగ్ ఎట్లా వస్తుందో బయటివాళ్లకు తెల్వదు. టెర్మినల్ చుట్టూ తిరిగే బండికి రాదు. క్యాబ్‌ల పార్కింగ్‌లో పోయి నిలబడితే యాప్‌లో వరుస నంబర్ పడుతుంది. ముందు వచ్చినవాడికి ముందు. విమానాలు ఎక్కువ దిగే టైంలో తొందరగా కదులుతుంది. లేకపోతే రెండు గంటలు, మూడు గంటలు అక్కడే. సీటు వెనక్కి వాల్చుకుని, ఫోన్ స్టీరింగ్‌కి ఆనించి పెట్టుకుని, ఆ నంబర్ తగ్గుతుంటే చూసుకుంటూ కూర్చుంటాం. ఏసీ వేస్తే డీజిల్ కాలుతుంది, వెయ్యకపోతే ఎండకి మనం కాలిపోతాం. అంతసేపు కూర్చున్నాక "ఉందానగర్, ఆరు కిలోమీటర్లు" అని పడితే ఏమనిపిస్తుంది? నూటయాభై రూపాయల కోసం వరుసలో నా జాగ పోయింది. మళ్లీ చివరికి పోయి నిలబడాలి.

అందుకే డ్రైవర్ ఫోన్ చేసి "ఎక్కడికి సార్, క్యాషా ఆన్‌లైనా" అని అడిగేది. దగ్గరి డ్రాప్ అయితే ఏదో ఒక వంక చెప్పి క్యాన్సిల్ చేయిస్తారు. అది పద్ధతి అని నేను అనను. జరిగేది చెప్తున్నా. అమ్మానాన్న సూట్‌కేసులు పట్టుకుని ఉందానగర్ క్యాబ్ కోసం నిలబడితే రెండు మూడు క్యాన్సిళ్లు ఖాయం అనుకోండి.

అల్వాల్ డ్రాప్ అంటే మాత్రం ఎగిరి గంతేసి వస్తారు. నలభై కిలోమీటర్ల ట్రిప్పు.

స్వాతి_కేపీహెచ్‌బీ
ఆదివారం, మధ్యాహ్నం 2:20

యాదన్నా, ఎగిరి గంతేసి వచ్చేవాళ్లను కూడా చూశాం. పోయినేడాది అర్ధరాత్రి దాటాక దిగాను. బుక్ చేస్తే వచ్చాడు, సామాను డిక్కీలో పెట్టాడు, ఎయిర్‌పోర్టు గేటు దాటాక బండి పక్కకి ఆపి "యాప్‌లో చూపించేది గిట్టదు మేడమ్, ఇంకో మూడొందలు వేసి ఇవ్వండి" అన్నాడు. కేపీహెచ్‌బీ దాకా తోడెవరూ లేరు, చుట్టూ చీకటి. ఏమంటాం, సరే అన్నాను. దిగాక ఫిర్యాదు పెడితే యాభై రూపాయల కూపన్ పంపారు. యాప్ పేరెందుకులెండి, ఏదైనా అంతే.

క్యాబ్ వద్దని కాదు. నేనూ క్యాబ్‌లోనే వస్తాను. గచ్చిబౌలి, కొండాపూర్, కేపీహెచ్‌బీ వైపు వాళ్లకి వేరే ఆలోచనే అక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి దాకా సిగ్నల్ ఉండదు, టోల్ ఒక్కటే. కానీ అల్వాల్‌కి ఔటర్ పనికిరాదు కదా.

వాసు గారూ, మీరు ముంబై నుంచి క్యాబ్ బుక్ చేస్తే ఒక చిన్న విషయం గుర్తుంచుకోండి. డ్రైవర్ ఫోన్ చేసేది బుక్ చేసినవాళ్లకి. అంటే మీకు. మీరు మీటింగ్‌లో ఉంటారు, అతను "పిల్లర్ దగ్గర ఉన్నా, మీరెక్కడ" అంటాడు, మీరు నాన్నగారికి ఫోన్ చేస్తారు, ఆయన ఇంకో పిల్లర్ దగ్గర ఉంటారు. యాప్‌లో "వేరేవాళ్ల కోసం" అనే ఆప్షన్ ఉంటుంది. అందులో నాన్నగారి నంబర్ పెట్టండి. ఓటీపీ మెసేజ్ కూడా ముందే ఆయనకి పంపండి.

యాదన్న_డ్రైవర్
ఆదివారం, మధ్యాహ్నం 2:48

చెల్లెమ్మా, అట్లాంటివాళ్ల వల్లే మా అందరికీ చెడ్డపేరు. బండి పక్కకి ఆపి డబ్బులు అడిగితే ఆగిన చోటే యాప్‌లో ఎమర్జెన్సీ బటన్ నొక్కండి, లేదా 100కి ఫోన్ చేయండి.

ఔటర్ గురించి ఒక మాట. అల్వాల్ పెడితే మ్యాప్ ఒక్కోసారి ఔటర్ మీదుగా శామీర్‌పేట దగ్గర దిగే దారి చూపిస్తుంది. టైం కొంచెం తక్కువ కనిపిస్తుంది. కిలోమీటర్లు దాదాపు రెట్టింపు, టోల్ వేరే. డ్రైవర్ "ఔటర్‌లో పోదామా సార్" అంటే బిల్లు ఎంతవుతుందో అడిగి అప్పుడు సరే అనండి.

దొరబాబు_డాలస్
ఆదివారం, రాత్రి 8:15

ఇక్కడ డాలస్ ఎయిర్‌పోర్టులో టెర్మినల్ బయటే రైలు ఉంటుంది, ఎక్కితే డౌన్‌టౌన్‌లో దిగుతాం. ఢిల్లీలో 2011 నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైను ఉంది. చెన్నైలో మెట్రో టెర్మినల్ దాకా వస్తుంది, అది కాకుండా రోడ్డు దాటితే తిరుసూలం లోకల్ స్టేషన్. ముంబైలో కూడా 2024లో భూగర్భ మెట్రో ఎయిర్‌పోర్టుకి వచ్చేసింది. శంషాబాద్ తెరిచింది 2008లో. ఇన్నేళ్లయినా రైలు రాలేదంటే ఏమనుకోవాలి? నేను వచ్చిన ప్రతిసారీ ఇదే బాధ.

బేగంపేట_పాతకాపు
ఆదివారం, రాత్రి 8:40

దొరబాబు గారూ, బేగంపేటలో విమానాశ్రయం ఉన్న రోజుల్లో ఆటోలో ఇంటికి వచ్చేవాళ్లం. ఆ సుఖం మీ డాలస్‌లోనూ ఉండదు. :)

మెట్రో ఎందుకు రాలేదంటారా. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకి 31 కిలోమీటర్ల లైనుకి 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, దాన్ని పక్కన పెట్టారు. ఇప్పుడు నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి మీదుగా వేస్తామంటున్నారు. దాదాపు 37 కిలోమీటర్లు. 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుని కేంద్రానికి పంపింది. ఐటీ వాళ్లకి ఎలాగూ ఔటర్ ఉంది కాబట్టి పాతబస్తీ, ఎల్బీనగర్ వైపు వెయ్యడమే న్యాయం అని నా అభిప్రాయం. వాళ్లు ఏ పార్టీ అయినా సరే.

దొరబాబు_డాలస్
ఆదివారం, రాత్రి 8:52

న్యాయం సంగతి సరే, కట్టి ఉంటే ఈపాటికి సగం పూర్తయ్యేది కదా. ఈ ప్రభుత్వం ఏంటంటే...

నిర్వాహకుడు
ఆదివారం, రాత్రి 9:05

ఇక్కడితో ఆపండి. రాజకీయాలకి వేరే గది ఉంది. వాసు గారి అమ్మానాన్న గురువారం దిగుతున్నారు, ఆ లోపు ఏ మెట్రో రాదు. అసలు విషయానికి రండి.

మాస్టారు_రిటైర్డ్
సోమవారం, ఉదయం 6:30

రైలా, ట్యాక్సీనా అని కొట్టుకుంటున్నారు గానీ బస్సు మాట ఒక్కరూ ఎత్తలేదు. ఆర్టీసీ పుష్పక్ ఏసీ బస్సులు ఎయిర్‌పోర్టు నుంచి తిరుగుతాయి. అరైవల్స్‌లోంచి బయటికొస్తే దగ్గర్లోనే స్టాప్. ఎవరూ వరుస నంబర్ అడగరు, ఎవరూ క్యాన్సిల్ చెయ్యరు. ఒక రూటు ఆరాంఘర్, మెహదీపట్నం మీదుగా జూబ్లీ బస్‌స్టేషన్‌కి (జేబీఎస్) వెళ్తుంది. ఇంకొకటి ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా సికింద్రాబాద్‌కి. మూడోది గచ్చిబౌలి మీదుగా జేఎన్టీయూ వైపు. వాసు గారికి కావాల్సింది మొదటిది. జేబీఎస్ నుంచి అల్వాల్ రాజీవ్ రహదారి మీద తిన్నగా వెళ్లడమే. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్.

బస్సు టికెట్ మనిషికి మూడొందల చుట్టుపక్కల ఉంటుంది. ఇద్దరికి ఆరొందలు, జేబీఎస్ నుంచి ఆటోకి రెండొందలు, మొత్తం ఎనిమిది వందలు. క్యాబ్ అయితే రద్దీని బట్టి వెయ్యి, పన్నెండొందలు, సాయంత్రం ఇంకా పైకి. ఇద్దరికే అయితే తేడా కొంచెమే. నలుగురు వస్తే క్యాబే చౌక. ఒక్కరైతే బస్సుకి తిరుగులేదు. అమ్మగారికి నొప్పులు కాబట్టి డబ్బు లెక్క చూడకండి. జేబీఎస్ నుంచి ఇంటికి ఎవరు తీసుకెళ్తారో అదొక్కటి చూసుకోండి.

గమ్యం అని ఆర్టీసీ వాళ్ల యాప్ ఉంది. బస్సు ఎక్కడుందో అందులో కనిపిస్తుంది.

కుసుమ_మెదక్
సోమవారం, ఉదయం 7:15

ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ కదా మాస్టారూ. అమ్మగారికి టికెట్ ఎందుకు?

మాస్టారు_రిటైర్డ్
సోమవారం, ఉదయం 7:22

మహాలక్ష్మి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే అమ్మా. పుష్పక్‌కి వర్తించదు. పైగా తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపించాలి. వాసు గారిది గాజువాక.

లోతుకుంట_వాసి
సోమవారం, ఉదయం 9:00

మాస్టారూ, సాయంత్రం ఆరున్నరకి మెహదీపట్నం, మాసబ్‌ట్యాంక్, పంజగుట్ట, బేగంపేట, ప్యారడైజ్. బస్సైనా క్యాబైనా అదే రోడ్డు మీద నిలబడాలి. క్యాబ్‌లో అయితే కనీసం కావాల్సిన చోట ఆపించుకోవచ్చు.

యాదన్న_డ్రైవర్
సోమవారం, ఉదయం 9:40

లోతుకుంట అన్న చెప్పింది నిజమే. ఎయిర్‌పోర్టు నుంచి ఆరాంఘర్ దాకా రోడ్డు బాగుంటుంది. అక్కడ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే పన్నెండు కిలోమీటర్ల దాకా పైపైన పోయి మెహదీపట్నంలో దిగుతాం. అక్కడిదాకా స్వర్గం. దిగినాక మొదలు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఆ రోడ్డులో ఏ బండికైనా ఒకటే గతి. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా ఫ్లైఓవర్ తెరిచారు. బహదూర్‌పురా, అఫ్జల్‌గంజ్ పోయేవాళ్లకు చాలా సులువైంది. అల్వాల్ వాళ్లకు అది అక్కరకు రాదు.

వీలైతే మధ్యాహ్నం పూట దిగే విమానం మార్చుకోండి. రెండు మూడు గంటలకి దిగితే క్యాబ్ గంటన్నర లోపే చేరుస్తుంది. ఇన్ని మాటలూ అక్కర్లేదు.

వాసు_గాజువాక
సోమవారం, రాత్రి 9:30

అందరికీ చాలా థాంక్స్. విమానం మార్చడం కుదరలేదు, మార్పు చార్జీ టికెట్ కన్నా ఎక్కువ చూపిస్తోంది.

ఈ చర్చంతా నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. డ్రైవర్ల వరుస గురించి విని "పాపం, క్రూ లాబీలో డ్యూటీ పిలుపు కోసం కూర్చున్నట్టే ఉంది" అన్నారు. ట్రాఫిక్ అంటే లెక్కే లేదు. ఉందానగర్‌కి క్యాబ్ రాకపోతే నడుస్తారట! అమ్మ పక్క నుంచి ఏదో అంది, నాకు వినపడలేదు.

చివరికి ఒక ప్రశ్న వేశారు. ఎంఎంటీఎస్ ప్రేమి గారిని అడగమన్నారు. "సికింద్రాబాద్‌లో ఏ ప్లాట్‌ఫారం మీద దిగుతాం, మేడ్చల్ బండి ఏ ప్లాట్‌ఫారం మీద ఎక్కాలి, మధ్యలో మెట్లు ఎన్ని?"

ఎంఎంటీఎస్_ప్రేమి
సోమవారం, రాత్రి 10:15

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఖాయంగా చెప్పలేను అనేదే నా జవాబు.

సికింద్రాబాద్ స్టేషన్‌ని కొత్తగా కడుతున్నారు. పాత భవనాన్ని 2025 మొదట్లో కూల్చేశారు. పని ఎక్కడ జరిగితే అక్కడ ప్లాట్‌ఫారాలు మూస్తున్నారు, తెరుస్తున్నారు. దూరం బళ్లు కొన్నింటిని చర్లపల్లికి, కాచిగూడకి, మల్కాజిగిరికి పంపేశారు. లోకల్ ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఆ రోజు మైకులో చెప్పేదాకా తెలియదు. ఒక్కోసారి చెప్పాక కూడా మారుస్తారు. అప్పుడు సూట్‌కేసులతో వంతెన ఎక్కి దిగాలి. ఆయన ఎక్కుతారు, అమ్మగారి సంగతి చూడండి.

నా లాంటివాడు కూడా ఈ ప్రయాణానికి రైలు చెప్పలేడు. లైను లేక కాదు. ఈ చివర ఆరు కిలోమీటర్లు, ఆ మధ్య ఒక వంతెన. గార్డుగారికి నా నమస్కారం చెప్పండి.

వాసు_గాజువాక
సోమవారం, రాత్రి 10:50

చెప్పాను. ఐదు నిమిషాలు మాట్లాడలేదు. "ప్లాట్‌ఫారం చెప్పలేనివాడు బండెలా నడుపుతాడు" అని సికింద్రాబాద్ వాళ్లందరినీ కలిపి తిట్టి, బస్సుకి ఒప్పుకున్నారు. క్యాబ్‌కి మాత్రం ససేమిరా అన్నారు. ఊరంతా తిప్పి మీటర్ పెంచుతారని ఆయన నమ్మకం. యాదన్నా, ఏమీ అనుకోకండి.

బావ ఎనిమిదింటికి పని ముగించుకుని జేబీఎస్‌కి కారు తెస్తానన్నాడు. ఎయిర్‌పోర్టులో దూరం నడవాల్సి వస్తుందేమో అని ఇప్పుడు కొత్త టెన్షన్. అమ్మకి దానికేమైనా ఏర్పాటు ఉందా?

స్వాతి_కేపీహెచ్‌బీ
మంగళవారం, ఉదయం 8:10

వీల్‌చైర్ అడగండి. విమాన సంస్థ కస్టమర్ కేర్‌కి ఇవాళే ఫోన్ చేసి టికెట్ నంబర్‌తో చెప్పండి, డబ్బు తీసుకోరు. వైజాగ్‌లో చెక్-ఇన్ దగ్గర మళ్లీ గుర్తు చేయాలి. శంషాబాద్‌లో విమానం తలుపు దగ్గరికి మనిషి వస్తాడు, లగేజీ బెల్టు దాకా, అక్కడి నుంచి బయటికి తోసుకొస్తాడు. "పుష్పక్ స్టాప్ దాకా" అని అమ్మగారు మొదట్లోనే చెప్పాలి. లేకపోతే గేటు బయట దింపేసి వెళ్లిపోతారు.

చాలామంది పెద్దవాళ్లు వీల్‌చైర్ అంటే నామోషీ పడతారు. మా అత్తగారు ఎక్కనంటే ఎక్కనన్నారు. ఒకసారి ఎక్కాక ఇప్పుడు అదే ముందు అడుగుతున్నారు.

మాస్టారు_రిటైర్డ్
మంగళవారం, ఉదయం 8:30

బస్సెక్కాక పెద్ద సూట్‌కేసులు సామాను అరలో కింద పెట్టించండి, పైన వద్దు. సీట్లు ముందు వరుసల్లో తీసుకుంటే దిగడం తేలిక. బావగారు జేబీఎస్‌లో బస్సులు ఆగే లోపలికి కారు తేలేరు. బయట రోడ్డు వైపు ఎక్కడ నిలబడాలో ముందే ఫోన్‌లో అనుకోమనండి.

యాదన్న_డ్రైవర్
మంగళవారం, ఉదయం 9:05

మీటర్ పెంచే రోజులు పోయాయి వాసు తమ్ముడూ, ఇప్పుడు యాపే పెంచుతుంది. మాకు చెప్పకుండా. నాన్నగారికి చెప్పండి.

వాసు_గాజువాక
శుక్రవారం, ఉదయం 11:20

చేరారు. విమానం ఇరవై నిమిషాలు ఆలస్యం. వీల్‌చైర్ అబ్బాయి బస్సు దాకా వచ్చాడు, బస్సు కూడా పది నిమిషాల్లోనే కదిలిందట. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద నాన్న ఫోన్ చేసి "బాగానే తోలుతున్నాడు" అన్నారు. మెహదీపట్నం తర్వాత ఫోన్ రాలేదు. పంజగుట్ట ఫ్లైఓవర్ కింద చాలాసేపు ఆగిపోయారని అమ్మ చెప్పింది. తొమ్మిది దాటాక జేబీఎస్. బావ బయట ఎదురుచూస్తూ టీ తాగి, ఇంకో టీ తాగి, ఆటోవాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాడు.

క్యాబ్ అయితే ఇంకో అరగంట ముందు చేరేవాళ్లని చెల్లి అంటోంది. అమ్మకి మాత్రం సీటు నచ్చింది, కాళ్లు చాపుకోవడానికి జాగా ఉందట. తిరుగు ప్రయాణానికి నాన్న అప్పుడే పాసు మీద విశాఖ బండికి బెర్తులు తీసేసుకున్నారు, ఎవరినీ అడగకుండా.

ఎంఎంటీఎస్_ప్రేమి
శుక్రవారం, ఉదయం 11:45

బండి ఏ స్టేషన్ నుంచి బయల్దేరుతుందో టికెట్ మీద ఒకసారి చూడమనండి. సికింద్రాబాద్ అనుకుని వెళ్తే చర్లపల్లి అయ్యే రోజులివి. చర్లపల్లి అయితే అల్వాల్ నుంచి గంట ముందు బయల్దేరాలి. అక్కడికి సిటీ బస్సులు పలచగా ఉంటాయి, ఆ ఒక్క ట్రిప్పుకి క్యాబ్ తప్పదు.

ఉప్పల్_ఉమ
శనివారం, సాయంత్రం 4:10

ఇదే చర్చలో అడగొచ్చా? మా తమ్ముడు వచ్చే వారం ఒక్కడే బెంగళూరు నుంచి వస్తున్నాడు, రాత్రి పదకొండున్నరకి దిగుతాడు. ఇల్లు ఉప్పల్. ఎల్బీనగర్ దాకా బస్సులో వచ్చి మెట్రో ఎక్కితే సరిపోతుందా?

మాస్టారు_రిటైర్డ్
శనివారం, సాయంత్రం 4:35

ఆ టైంకి ఎల్బీనగర్ చేరేసరికి మెట్రో గేట్లు మూసేసి ఉంటాయమ్మా. మెట్రో రాత్రి పదకొండు దాకానే. అయినా ఎల్బీనగర్ నుంచి ఉప్పల్‌కి మెట్రోలో రావాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి వెనక్కి రావాలి, పగలైనా అది చుట్టు తిరుగుడే. పుష్పక్‌లో ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రూటు ఉంది కదా, అదే ఎక్కమను. ఉప్పల్‌లోనే దిగొచ్చు. అర్ధరాత్రి పూట బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం ఎక్కువ. దిగగానే గమ్యంలో చూసుకుని, ముప్పావుగంటలో బస్సు లేకపోతే క్యాబ్ ఎక్కేయమను. ఆ వేళప్పుడు రోడ్డు ఖాళీగానే ఉంటుంది.